ఈ నెలాఖరుకు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా – సిరోంచ వైపు వాళ్ళు చెప్పండి

ప్రాణహిత_పిల్ల | ఆగస్టు 18, రాత్రి 10:42

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదటిసారి.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలో చిన్న ఊరు. మెయిన్ రోడ్డు నుంచి 14 కిలోమీటర్లు లోపలికి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు పోతే గోండి. పదో తరగతి దాకా సిరోంచలో మరాఠీ మీడియం చదివి, హైదరాబాద్‌లో నర్సింగ్ చేశా. ఇప్పుడు నాకు 29. ఏడేళ్ళుగా అక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, పసిపిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుని.

జులై చివర్లో ఒక రాత్రి మా వదిన వీడియో కాల్ చేసింది. పక్కింట్లో తొమ్మిది రోజుల పాప. రెండు రోజుల నుంచి పాలు సరిగ్గా తాగట్లేదట. ముసురు పట్టింది కదా, అందుకే అనుకున్నారట. ఫోన్ పాప మీదికి తిప్పమన్నా. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. నేను రోజూ డ్యూటీలో చూసే లక్షణమే అది. వెంటనే మంచిర్యాలకు తీసుకుపోండని అరిచాను. వాగు రోడ్డు మీదికి వచ్చింది. జీపు దొరికి బయలుదేరేసరికి తెల్లవారింది. ప్రాణహిత వంతెన దాటకముందే పాప పోయింది.

ఆ మర్నాడు మా వార్డులో సరిగ్గా అంతే వయసున్న బాబు దగ్గర నాకు డ్యూటీ. ఒక్క బిడ్డ చుట్టూ నలుగురం, ఆరు మెషీన్లు. మా ఊళ్ళో ఆ రెండు రోజుల్లో గుర్తుపట్టే కన్ను ఒక్కటి లేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఊరికి తిరిగి వచ్చేయాలని ఉంది. జీతం 31,000. తమ్ముడి ట్రాక్టర్ కిస్తీ 9,000 నేనే కడుతున్నా. బాపుకు నాలుగెకరాలు, పత్తీ మిర్చీ. అమ్మ సంబంధాలు చూస్తోంది. రాజీనామా ఫోన్లో టైప్ చేసి పెట్టుకున్నా, రోజూ రాత్రి తెరిచి చదివి మూసేస్తున్నా. ఇది ధైర్యమా, దుఃఖంలో పుట్టిన తొందరపాటా? మీరు పెద్దవాళ్ళు, చెప్పండి.

---

బల్లార్షా_రాజన్న | ఆగస్టు 18, రాత్రి 11:30

చెల్లీ, ముందు ఆ పాప గురించి చదివి మనసు పాడైంది.

ఒక్కటే అడుగుతా. ఊరికి వచ్చాక మొదటి సోమవారం పొద్దున్న లేచి ఏం చేస్తావు? ఏ పేరుతో, ఎవరి కింద, ఏ ఇంటికి పోతావు? నీ పోస్టులో మానేయడం గురించి ఉంది, చేయబోయే పని గురించి లేదు.

నేను బొగ్గుబాయిలో 19 ఏళ్ళుగా చేస్తున్నా. నాన్న తర్వాత వచ్చిన ఉద్యోగం. మొదటి అయిదేళ్ళు మానేద్దామనే ఆలోచనే. మానలేదు. మా క్వార్టర్లలో తెలుగు పిల్లలు మరాఠీ లెక్కల పుస్తకం అర్థంకాక ఏడో తరగతిలోనే ఆగిపోతున్నారని చూసి, షిఫ్టు లేని సాయంత్రాలు చెప్పడం మొదలుపెట్టా. 11 ఏళ్ళయింది. నైట్ షిఫ్టు వారం తప్ప ఆపలేదు. ఆ జీతం లేకపోతే రెండో ఏడాదికే ఆపేసేవాణ్ణి. ఉద్యోగం వదిలితేనే ధైర్యం అనుకోకు తల్లీ.

---

కిన్వట్_పాడి | ఆగస్టు 19, ఉదయం 6:05

రాజన్న గారి ప్రశ్న నన్ను 2019లో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

నాందేడ్‌లో నెలజీతం పని మానేసి ఎనిమిది ముర్రా గేదెలు కొన్నా. సొంత ఊరు, సొంత పని, ఎవరి కిందా బతకక్కర్లేదు అని. కొన్నది దీపావళి తర్వాత. అప్పుడు మేత ఉంటుంది, పాలు ఉంటాయి, లెక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి పచ్చిమేత లేదు. కొని వేస్తే లీటరుకు నాకు పడే ఖర్చు, డెయిరీలో వెన్న శాతం చూసి ఇచ్చే రేటు కంటే ఎక్కువ. రెండు గేదెలు ఎదకు రాలేదు. 14 నెలల్లో అయిదు అమ్మేశా.

మానేసినందుకు ఇప్పటికీ బాధ లేదు. ఒక్క ఎండాకాలం ఎవరి కొట్టంలోనైనా పేడ తీసి, పాలు పిండి, మేత లెక్క చూసి ఉంటే ఆ అయిదు గేదెలు నా దగ్గరే ఉండేవి. ఇప్పుడు మూడున్నాయి, ఎకరంలో గడ్డి వేశా, నిలబడ్డా. మా అమ్మ తన గొలుసు అమ్మి కట్టిన అప్పు మాత్రం ఇంకా నా మీదే ఉంది.

వానాకాలంలో మీ ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ వానలో ఆ పని ఎలా ఉంటుందో చేసి చూశారా?

---

ధర్మాబాద్_అక్క | ఆగస్టు 19, మధ్యాహ్నం 2:20

అందరూ ఆగి చూడు, లెక్క చూడు అంటున్నారు. మంచి మాటే. కానీ కొన్ని ఆగవు.

నేను మిర్చి తొడిమలు తీసే పనికి పోతా. పోయిన మాఘంలో మా పెద్దదానికి సంబంధం తెచ్చారు. దానికి పదహారు. మా ఆయన, మా మామ ఒప్పుకుని తాంబూలాల రోజు కూడా అనుకున్నారు. నాకు పదిహేనేళ్ళకే చేశారు, నేనేం మాట్లాడలేదు అప్పుడు. ఆ మధ్యాహ్నం పెళ్ళివారు కూర్చుని ఉండగా లోపలి నుంచి వచ్చి "పద్దెనిమిది నిండనిది పిల్లను ఇవ్వను, బలవంతం చేస్తే 1098కి నేనే ఫోన్ చేస్తా" అన్నా. చేతులు వణికాయి. పక్కా ఆలోచన ఏమీ లేదు నా దగ్గర. ఆ పిల్లల హెల్ప్‌లైన్ నంబరు మాత్రం పిల్ల బడి గోడ మీద చదివి గుర్తుపెట్టుకున్నా.

నాలుగు నెలలు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. పిల్ల ఇప్పుడు పదకొండో తరగతి.

చెల్లీ, నీది అలాంటి మధ్యాహ్నమా, కాదా అన్నది నువ్వే చూసుకోవాలి. నా లెక్కలో నీకు కొంచెం టైమ్ ఉంది. ఉన్న టైమ్ వాడుకో, కానీ దాని వెనక దాక్కోకు.

---

పాత_పంతులు | ఆగస్టు 19, రాత్రి 9:15

అమ్మాయీ, నేను సిరోంచలో 31 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వంతెనలు లేని రోజుల్లో కాళేశ్వరం వైపు పడవలో దాటినవాణ్ణి. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టు.

మన గడ్చిరోలి జిల్లా 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడింది. నాలుగేళ్ళకు, 1986లో, అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఇక్కడికి వచ్చారు. అమెరికాలో ప్రజారోగ్యం చదివి మరీ వచ్చారు. వాళ్ళ సంస్థ సెర్చ్. శోధ్‌గ్రామ్ అనే తమ ఆవరణలో వాళ్ళు కట్టిన ఆస్పత్రికి మా దంతేశ్వరి దవాఖానా అని అక్కడి ఆదివాసీల దేవత పేరే పెట్టారు.

వాళ్ళ పని నీ పనికి చాలా దగ్గర. పసిపిల్లలు ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే పోతున్నారు, ఆస్పత్రి దూరం. అందుకని ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు: బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, అవసరమైతే మందు ఇవ్వడం. 39 ఊళ్ళలో ఈ పని చేసి, చేయని ఊళ్ళతో పోల్చి చూస్తే నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఇవాళ దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్ళి చేసే పనికి మూలం మన జిల్లా ఊళ్ళలోనే ఉంది. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, నాకు అది బాధ.

ఒక చిన్న సంగతి నాకు మరీ ఇష్టం. ఊళ్ళో మంత్రసానులకు పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాదు. ఊపిరి ఎన్నిసార్లో ఎలా చెబుతారు? పూసలు గుచ్చిన ఒక చిన్న పరికరం తయారుచేశారు, పక్కన నిమిషం కొలిచే ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపడమే. చదువు రాదని పక్కన పెట్టకుండా, చదువు రాని చేతికి అందేలా పనిని మార్చారు.

ఇంకో జంట, ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే. 1973లో భామ్రాగడ్ అడవిలో హేమల్‌కసలో మాడియా గోండుల మధ్య ఆస్పత్రి మొదలుపెట్టారు. మొదట్లో జనం దగ్గరికి రావడానికే భయపడ్డారు. 2008లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ 35 ఏళ్ళు మధ్యలో ఉన్నాయని మనం మరిచిపోతాం.

ఇవన్నీ చెప్పి నిన్ను ఎగదోయాలని కాదు. ఇలాంటి గొప్పవాళ్ళ కథలు మెచ్చుకోవడమే పని అనుకుని ఉండిపోయిన యువ టీచర్లను చాలామందిని చూశాను. ఏటా జయంతికి ఉపన్యాసం ఇస్తారు, అక్కడితో సరి. నేనూ పదేళ్ళు అలాగే ఉన్నాను. బడి మానేసిన గోండు పిల్లల ఇళ్ళకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది నా 44వ ఏట.

ధానోరా వైపు మెండా-లేఖా అనే ఊరు ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించింది. ఊరంతా కూర్చుని అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతి. నీ ఇల్లు కూడా ఒక చిన్న ఊరే. అమ్మతో, బాపుతో, తమ్ముడితో కూర్చుని మాట్లాడావా? ఫోన్లో కాదు, నేల మీద కూర్చుని.

---

అహేరి_కుర్రాడు | ఆగస్టు 19, రాత్రి 9:50

అక్కా, అన్నింటికంటే ముందు పెళ్ళి చేసుకోండి. తర్వాత ఇవన్నీ చూసుకోవచ్చు. అమ్మావాళ్ళ టెన్షన్ తగ్గుతుంది.

ధర్మాబాద్_అక్క | ఆగస్టు 19, రాత్రి 10:02

తమ్ముడూ, మంచి మనసుతోనే అన్నావు. కానీ పెళ్ళయ్యాక ఈ ప్రశ్న ఆమె ఒక్కతీ తేల్చుకోలేదు, ఇంకో ఇంటి మొత్తాన్ని ఒప్పించాలి. వచ్చే సంబంధానికే ముందుగా చెప్పాలి, నేను ఊళ్ళో ఉండి ఈ పని చేస్తాను అని. అది విని నిలబడినవాడే ఆమెకు కావాల్సినవాడు.

---

ప్రాణహిత_పిల్ల | ఆగస్టు 20, రాత్రి 1:12

నైట్ డ్యూటీ బ్రేక్‌లో రాస్తున్నా. అందరి మాటలూ రెండుసార్లు చదివా.

రాజన్న గారూ, మొదటి సోమవారం ఏం చేస్తానో నా దగ్గర జవాబు లేదు. అది చదివాక సిగ్గు వేసింది, కానీ మంచిదే అయింది.

ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక భయం ఇక్కడ చెబుతున్నా. ఏడేళ్ళుగా నేను మెషీన్ చూసి పని చేస్తున్నా. ఊపిరి ఎంతో స్క్రీన్ చెబుతుంది, ఆక్సిజన్ తగ్గితే అలారం మోగుతుంది. అవేవీ లేని గుడిసెలో కూర్చుంటే నాకు నిజంగా ఏమైనా తెలుసా? ఊరికి వచ్చాక నేను దేనికీ పనికిరానని తేలితే? రాజీనామా మూసేయడానికి కిస్తీ కంటే ఇదే పెద్ద కారణమేమో అనిపిస్తోంది.

---

గట_ప్రవర్తక్ | ఆగస్టు 20, సాయంత్రం 5:40

సిస్టర్, నేను మన జిల్లాలోనే గట ప్రవర్తక్‌గా, అంటే ఆశాల పని చూసేదానిగా చేస్తున్నా. నీ మొదటి పోస్టులో ఒక మాట నాకు గుచ్చుకుంది. "గుర్తుపట్టే కన్ను ఒక్కటి లేదు" అన్నావు. మీ ఊరికి ఆశా ఉంది కదా? ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఆ ఇంటికి పోవాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా. ఏడో రోజు విజిట్ జరిగిందా? అడిగావా?

కోపంతో అడగట్లేదు. ఎవరూ లేరు అనుకుని వస్తే ఉన్నవాళ్ళను తోసేసి నిలబడతావు. ఉన్నవాళ్ళకు ఎక్కడ అడ్డం పడిందో చూసి వస్తే పని ముందుకు పోతుంది. బయట చదువుకుని వచ్చి, మా ఆశాల ముందే బాలింతతో "ఈమెకేం తెలుసు" అన్నవాళ్ళను చూశా. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆశా ఆ ఊళ్ళోనే ఉంది, కానీ ఆమె మాట వినడం ఆ ఇళ్ళు మానేశాయి.

నీ భయానికి మందు ఒక్కటే. సెలవు పెట్టి రా. పన్నెండు రోజులు చాలు. ఒక ఆశా వెనక నడువు. ఆమె సంచిలో థర్మామీటర్, జోలె లాంటి తూకం, వాచీ, దుప్పటి ఉంటాయి, అంతే. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తే మళ్ళీ ఒకసారి లెక్కపెడతాం. రెండోసారీ అంతే ఉంటే ఆగేది లేదు, ఆస్పత్రికే.

కాగితాల సంగతి: తెలంగాణలో రిజిస్టరైన నర్సు మహారాష్ట్రలో పని చేయాలంటే అక్కడి కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. దానికి టైమ్ పడుతుంది, అది ఇవాళే మొదలుపెట్టు. కాంట్రాక్టు పోస్టులు మామూలుగా పదకొండు నెలలకు ఇస్తారు, తర్వాత మళ్ళీ రాసుకోవాలి. జీతం మీ హైదరాబాద్ అంత ఉండదు, ఆ లెక్కతోనే రా.

---

బల్లార్షా_రాజన్న | ఆగస్టు 20, రాత్రి 8:10

ఈ అక్క చెప్పింది అక్షరాలా చెయ్యి చెల్లీ. కిస్తీ గురించి: తమ్ముడితో ముందే తేల్చుకో. ట్రాక్టర్ బాడుగకు తిరిగే నెలలెన్ని, ఖాళీ నెలలెన్ని, కాగితం మీద రాయించు. ఆరు నెలల కిస్తీ, అంటే 54,000, విడిగా బ్యాంకులో వేసిన రోజున రాజీనామా తేదీ ఖాయం చేసుకో. ఆ మొత్తం పూర్తయ్యాక ఇంకో కారణం వెతకొద్దు.

---

ప్రాణహిత_పిల్ల | సెప్టెంబరు 24, రాత్రి 9:35

నెల దాటింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

పన్నెండు రోజుల సెలవు పెట్టి వెళ్ళా. మొదట మా ఆశా అక్క ఇంటికే పోయా. గట ప్రవర్తక్ అక్క అడిగిన ప్రశ్నే అడిగా. ఆమె రిజిస్టర్ తీసి చూపించింది. మూడో రోజు వెళ్ళింది. పాప బాగుంది, బరువు 2.3. ఏడో రోజు బయలుదేరింది, వాగు నడుములోతు ఉంటే అవతలి ఒడ్డు నుంచే తిరిగిపోయింది. ఎనిమిదో రోజు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే. ఆ రెండు తేదీల దగ్గర "వాగు" అని మరాఠీలో రాసి ఉంది. అది చెబుతూ ఏడ్చింది. నేను నా మొదటి పోస్టులో రాసిన మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయా. కన్ను ఉంది. వాగుకు అవతల ఉంది.

తర్వాత రోజూ ఆమెతో నడిచా. నాలుగో రోజు ఒక ఇంట్లో, కరెంటు లేదు, ఫోన్ లైటు పట్టుకుని బిడ్డ ఊపిరి లెక్కపెట్టా. 66 వచ్చింది. నా గుండె దడదడలాడింది. ఆశా అక్క నెమ్మదిగా "ఇప్పుడే ఏడ్చి ఊరుకుంది, పాలు తాగి పడుకున్నాక చూడు" అంది. అరగంట తర్వాత 52. ఏడేళ్ళ డ్యూటీలో నేను ఒక బిడ్డ రొమ్మును నిమిషం పాటు కదలకుండా చూడటం బహుశా అదే మొదటిసారి. నాకు తెలిసింది కొంచెం ఉంది, ఆమెకు తెలిసింది కొంచెం ఉంది. చిన్న బరువు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి నేను చూపించా, ఆమె ఆ రోజే ఇంకో ఇంట్లో నేర్పింది. నేను పనికిరానన్న భయం మొత్తం పోలేదు. కాళ్ళు మాత్రం నడుస్తున్నాయి.

తొమ్మిదో రోజు పాప పోయిన ఇంటికి వెళ్ళా. వెళ్ళాలా వద్దా అని మూడు రోజులు తప్పించుకున్నా. ఆ పాప నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. కాసేపాగి, "వాగు వస్తే ఎవరూ రారు బిడ్డా. అది ఎట్ల తెలుస్తదో నాకు నేర్పు. మా చిన్నకోడలికి మళ్ళా నెలలు" అంది. అవ్వకు పది దాకానే లెక్క వస్తుంది. పంతులు గారూ, మీరు చెప్పిన పూసలు గుర్తొచ్చాయి. వాళ్ళింట్లో చింతగింజలు ఉన్నాయి. ఆరు గింజలు వరసగా పెట్టా. పది ఊపిర్లకు ఒక గింజ పక్కకు. నిమిషానికి మా వదిన ఫోన్లో బెల్లు పెట్టింది. బెల్లు మోగేలోపు ఆరో గింజ కదిలితే మళ్ళీ లెక్కపెట్టాలి, మళ్ళీ కదిలితే ఫోన్ చేయాలి. పాలు తాగకపోయినా, డొక్కలు లోపలికి పోయినా గింజలతో పని లేదు, వెంటనే ఫోన్. అవ్వ వాళ్ళ మనవడిని పడుకోబెట్టి నాలుగుసార్లు చేసి చూసింది. నాలుగోసారి నేను పక్కన లెక్కపెట్టింది, ఆమెది సరిపోయాయి.

ఇంట్లో సంగతి. నేల మీద కూర్చునే మాట్లాడా. బాపు అంతా విని, "నువ్వు వస్తే మంచిదే, కిస్తీ మాట తమ్ముడు చూసుకోవాలె" అన్నాడు. తమ్ముడు జనవరి నుంచి తనే కడతానన్నాడు, కాగితం మీద రాశాడు. అమ్మ ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. ఊళ్ళో ఉంటే ఎవరు చేసుకుంటారని ఆమె బెంగ. ఆ బెంగకు నా దగ్గర జవాబు లేదు.

ఆగస్టు నెలాఖరున రాజీనామా ఇవ్వలేదు. పోయిన సోమవారం ఇచ్చా, డిసెంబరు 31 ఆఖరి రోజు. నిరభ్యంతర పత్రానికి అప్లై చేశా. బ్యాంకులో 27,000 విడిగా ఉంది, మిగతాది మూడు నెలల్లో వేస్తా.

కిన్వట్_పాడి | సెప్టెంబరు 24, రాత్రి 10:20

చదువుతుంటే కళ్ళు తడిశాయి. డిసెంబరులో సామాన్లు తేవడానికి బండి కావాలంటే చెప్పండి, మా ఊరివాళ్ళ వ్యాను హైదరాబాద్ వస్తూ ఉంటుంది.

పాత_పంతులు | సెప్టెంబరు 25, ఉదయం 7:00

అమ్మాయీ, మీ అమ్మగారిని ఒకసారి మా ఇంటికి తీసుకురా. మా ఆవిడ మాట్లాడుతుంది. ఆమె కూడా కరీంనగర్ నుంచి ఈ ఒడ్డుకు కోడలిగా వచ్చి, పదేళ్ళు తన పుట్టింట్లో ఇదే బెంగ విన్నది.

గట_ప్రవర్తక్ | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 1:15

సిస్టర్, గింజల పద్ధతి ఇంట్లోవాళ్ళకు మంచిదే, కానీ దానివల్ల ఆశా విజిట్ మానకూడదు, అది అవ్వకు గట్టిగా చెప్పు. వాగు సంగతి నేను మా డాక్టర్ గారి ముందు పెట్టా. వానాకాలంలో నెలలు నిండే గర్భిణుల జాబితా మే నెలలోనే రాసి, వాగు అవతలివాళ్ళను ముందుగానే ఇవతలికి, చుట్టాల ఇళ్ళకు తెచ్చుకోవచ్చా అని అడిగారు. మీ ఊరి నుంచి అలా ఎంతమంది ఉంటారో మీ ఆశా అక్కతో కూర్చుని రాసి పంపు.

వచ్చే నెల మా ఆశాల మీటింగ్ ఉంది. నీకు సెలవు దొరికితే రా. వచ్చేటప్పుడు చింతగింజలు ఒక సంచెడు తీసుకురా, ఇరవై రెండు మందిమి.